కదలని నీడ: పానగల్లు ఛాయాసోమేశ్వరాలయంలో శిల్పం, వెలుగు, విశ్వభావన

వ్యాససంగ్రహం:

నల్లగొండ సమీపంలోని పానగల్లు ఛాయాసోమేశ్వరాలయంలో లింగం వెనుక గోడపై పగలంతా స్థిరంగా నిలిచే నీడను కొందరు దైవలీలగానూ, మరికొందరు ప్రాచీన విజ్ఞానపు చిక్కుముడిగానూ చూస్తున్నారు. ఈ వ్యాసం ఆ నీడను శిల్పకృతిలో భాగంగా పరిశీలిస్తుంది. వాస్తువిద్యలో శంకువు నీడ దిక్కులనూ కాలాన్నీ తెలిపే సాధనం. పానగల్లు నీడ ఆ సాధనాన్ని తలకిందులు చేసి, కాలానికి లొంగని స్థాణుభావనకు రూపం ఇస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తోలుబొమ్మలాటతోనూ, నాన్సీ హోల్ట్ నిర్మించిన ‘సన్ టన్నెల్స్’తోనూ పోల్చి ఆ ప్రతిపాదనను పరీక్షిస్తుంది. నిజామాబాదు ప్రాంతపు శిల్పాల అధ్యయనంలో వెలుగును ఎందుకు లెక్కలోకి తీసుకోవాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఛాయ, శంకువు, ఛాయాసోమేశ్వరాలయం, కందూరు చోడులు, తోలుబొమ్మలాట, డిచ్‌పల్లి రామాలయం, కళావిమర్శ.

1. ఉపోద్ఘాతం

నిజామాబాదు పట్టణం నుంచి హైదరాబాదు దారి పట్టి డిచ్‌పల్లి చేరితే గుట్టమీద ఖిల్లా రామాలయం కనిపిస్తుంది. వెలుపలి గోడల మీది శిల్పాల కారణంగా దీన్ని ‘ఇందూరు ఖజురహో’ అని పిలుచుకోవడం ఈ ప్రాంతంలో అలవాటు. ఆ పేరు నాకు అంతగా నచ్చదు. మన గుడిని మరొకరి గుడి పేరుతో మెచ్చుకోవడంలో మెప్పు కన్నా సంకోచమే ఎక్కువగా ధ్వనిస్తుంది. అయినా అది వేరే చర్చ.

డిగ్రీ విద్యార్థులను అక్కడికి రెండు పర్యాయాలు తీసుకువెళ్ళాను. మొదటిసారి మిట్టమధ్యాహ్నం వేళకు చేరుకున్నాం. విద్యార్థులు గోడల చుట్టూ ఒకసారి తిరిగి, ఫోటోలు తీసుకుని, పావుగంటలో నీడపట్టున చేరారు. రెండోసారి ఉదయం ఏడింటికల్లా గుట్ట ఎక్కాం. అవే గోడలు, అవే బొమ్మలు. కానీ వాలు ఎండలో ప్రతి మడత కింద ఒక నల్లని గీత ఏర్పడింది. మోకాలి ఒంపు, నడుము మెలిక, నగల అంచు ఒక్కొక్కటిగా గోడలోనుంచి ముందుకు వచ్చాయి. బోధన్ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని, “సార్, పోయినసారి ఈ బొమ్మ ఇక్కడ లేదు” అన్నది. మిగిలినవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఆ మాట నవ్వులాటగా తోచలేదు. మధ్యాహ్నం ఆ బొమ్మ నిజంగానే అక్కడ లేదు. రాయి ఉంది, ఉలిచెక్కడం ఉంది, బొమ్మ లేదు.

శిల్పాన్ని రాతితో చేసిన వస్తువుగానే వర్ణించే పద్ధతి మన పరిశోధనల్లో స్థిరపడిపోయింది. విగ్రహం ఎత్తు, ఆయుధాలు, హస్తముద్రలు, కాలనిర్ణయం నమోదు చేస్తాం. ఏ వెలుగులో చూశామో రాయం. వెలుగు శిల్పానికి బయటిదన్న భావన దీని వెనుక ఉంది. ఆ భావన సరికాదని డిచ్‌పల్లి గోడలు సూచిస్తాయి గాని, నిర్ద్వంద్వంగా నిరూపించలేవు. ఎండ వాలు అక్కడ శిల్పి చేతిలో ఉన్నది కాదనీ, గోడ ఉన్నచోట ఎండ పడుతుందనీ ఎవరైనా వాదించవచ్చు. వెలుగునే ప్రధాన పదార్థంగా తీసుకుని, రాతిని దానికి పనిముట్టుగా మార్చిన నిర్మాణం ఒకటి దొరికితే ఆ వాదానికి సమాధానం దొరుకుతుంది. అటువంటి నిర్మాణం తెలంగాణలోనే, నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లులో ఉంది. అందువల్ల ఈ వ్యాసం ఇందూరులో మొదలై పానగల్లుకు వెళుతుంది.

2. శంకువు: కదిలే నీడ

పానగల్లు నీడ దగ్గరకు వెళ్ళేముందు మనం రోజూ వాడే ఒక మాటను విప్పి చూడాలి. ఏదైనా భవనానికి పునాదిరాయి వేస్తే దాన్ని శంకుస్థాపన అంటాం. పత్రికల్లో వారానికి ఒక శంకుస్థాపన వార్త కనబడుతుంది. అందులో శంకువు మాత్రం కనబడదు. శిలాఫలకం, కొబ్బరికాయ, పలుగు, పార మిగిలాయి. శంకువు అంటే నేలలో నిట్టనిలువుగా నాటిన కొయ్య. మయమతం వంటి వాస్తుగ్రంథాలు కట్టడానికి ముందు జరగవలసిన పనిగా దాన్ని వివరిస్తాయి. జ్యోతిషంలో శంకువు కొలత సాధారణంగా 12 అంగుళాలు.

పద్ధతి తేలికైనది. నేలను నీటిమట్టానికి సమం చేస్తారు. నడిమధ్య శంకువును నాటి, దాని చుట్టూ ఒక వృత్తం గీస్తారు. ఉదయం నీడ పొడవుగా పడమటికి చాపుకుని ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ కుంచించుకుపోతూ ఒక క్షణాన నీడ కొస వృత్తాన్ని తాకి లోపలికి వస్తుంది. అక్కడ గుర్తు పెడతారు. మధ్యాహ్నం దాటాక నీడ తిరిగి పెరిగి తూర్పువైపున వృత్తాన్ని దాటుతుంది. అక్కడ రెండో గుర్తు. ఆ రెండు గుర్తులను కలిపే గీత తూర్పుపడమరల గీత. గుడి ముఖం, గర్భగుడి నడిగీత, ప్రాకారం మూలలు అన్నీ ఆ గీతనుంచే పుడతాయి. రాతి పని మొదలు కావడానికి ముందే స్థపతి నీడతో పని మొదలుపెడతాడు. ఆకాశంలో సూర్యుడు నడిచిన దారిని నేలమీదికి దింపడమే ఆ పని.

ఈ విషయాన్ని తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులకు అందిన ఉదాహరణ శాస్త్రగ్రంథంలోనిది కాదు. బోధన్‌ను ఆనుకుని ఉన్న శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. 2015 చివర మూతపడింది. తన తాత ఆ ఫ్యాక్టరీ సైరను విని పొలం పనికి బయలుదేరేవాడనీ, సైరను వినబడని రోజున పొగగొట్టం నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి పొద్దు చెప్పేవాడనీ ఒక విద్యార్థి చెప్పాడు. చెరుకు బండ్లవాళ్ళకు ఆ పొగగొట్టమే శంకువు అయింది. ఆ పిల్లవాడికి ఆర్యభటుడి పేరు పరీక్ష కోసం మాత్రమే తెలుసు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం చంద్రగ్రహణాన్ని భూమి నీడగా వివరించిందని చెప్పినప్పుడు, “అంటే ఆ నీడ కూడా పొగగొట్టం నీడ లెక్కనే గదా” అన్నాడు. అంతే. నీడ ఇంత పెద్దదైనా అంత పెద్దదైనా చేసే పని ఒకటే. ఆకాశంలోని కదలికను మన కంటికి అందే చోట నమోదు చేస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటే. శంకువు కదలదు, నీడ కదులుతుంది. శంకువు విలువ అంతా నీడ కదలికలోనే ఉంది.

3. పానగల్లు: కదలని నీడ

పానగల్లు కందూరు చోడుల రాజధాని. ఉదయచోడుడి పేరు మీద వెలసిన ఉదయసముద్రం చెరువు నేటికీ అక్కడ ఉంది. ఊరిలో రెండు ప్రసిద్ధ శివాలయాలున్నాయి. వెలుపలి గోడలనిండా రామాయణ భారత ఘట్టాలను, శివుని నానారూపాలను చెక్కిన పచ్చల సోమేశ్వరాలయం ఒకటి. ఊరికి కొంత ఎడంగా ఉన్న ఛాయాసోమేశ్వరాలయం రెండోది. క్రీ.శ. 11, 12 శతాబ్దాల నాటి త్రికూటాలయం ఇది. ఒకే మండపంలోకి మూడు గర్భగుళ్ళు తెరుచుకుంటాయి. నల్లగొండ ప్రాంత శాసనాలను, చరిత్రను శ్రమించి వెలికితీసిన బి.ఎన్. శాస్త్రి వంటివారి కృషివల్ల ఈ రాజవంశం గురించి మనకు ఇవాళ ఇంతైనా తెలుసు. కానీ చరిత్రకారుల దృష్టి శాసనం మీద నిలిచినంతగా నీడ మీద నిలవలేదు. నీడను యాత్రికులకు, ఆ తరువాత యూట్యూబుకు వదిలేశాం.

ఆ ఆలయంలో ఒక గర్భగుడిలో, శివలింగం వెనుక గోడమీద, నిలువుగా ఒక స్తంభపు నీడ కనబడుతుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా అది అక్కడే ఉంటుంది. సూర్యుడు తూర్పున ఉన్నా పడమట ఉన్నా నీడ చోటు మారదు. గర్భగుడి ముందు నడిమధ్యన స్తంభం లేదు. ఏ స్తంభానిది ఈ నీడ అని వెతికేవాడికి స్తంభం దొరకదు.

దీనికి రెండు రకాల సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. దైవలీల అన్నది ఒకటి. దానితో విమర్శకుడికి పేచీ అనవసరం. కాంతి వివర్తనం అన్నది రెండోది. శాస్త్రీయంగా వినబడుతుంది గనుక ఈ మాట చదువుకున్నవారి నోట ఎక్కువగా నలుగుతోంది. కానీ వివర్తనం కాంతి తరంగదైర్ఘ్యంతో పోల్చదగిన సూక్ష్మమైన అంచుల దగ్గర మాత్రమే గుర్తింపదగినంతగా పనిచేస్తుంది. బారెడు ఎడం ఉన్న రాతిస్తంభాల మధ్య, గోడమీద ఒక నిలువు చీకటి పట్టీని నిలబెట్టే శక్తి దానికి లేదు.

అసలు ఏర్పాటు అంతకన్నా సరళమైనది, నా దృష్టిలో అంతకన్నా గొప్పది. గర్భగుడిలోకి నేరుగా ఎండ రాదు. మండపం తెరపిల నుంచి ఆకాశపు వెలుగు, నేలమీదా రాతిమీదా పడి చెదిరిన వెలుగు లోపలికి వస్తుంది. అది గర్భగుడి ద్వారానికి ఇరుపక్కల నుంచి, స్తంభాల మధ్యగా వస్తుంది. కుడివైపు నుంచి వచ్చిన వెలుగు వెనుక గోడలో ఎడమ భాగాన్ని వెలిగిస్తుంది. ఎడమవైపు నుంచి వచ్చినది కుడి భాగాన్ని వెలిగిస్తుంది. రెండింటికీ సరిగా అందని సన్నని భాగం నడుమ మిగిలిపోతుంది. ఆ మిగిలిపోయిన భాగమే ‘స్తంభం’. అది ఒక వస్తువు నీడ కాదు, రెండు వెలుగుల మధ్య సందు. సూర్యబింబం మీద కాక ఆకాశమంతటి వెలుగు మీద ఆధారపడింది గనుక సూర్యుడు కదిలినా దాని చోటు మారదు. పొద్దును బట్టి చిక్కదనం మారవచ్చు, స్థానం మారదు.

ఇప్పుడు శంకువును ఈ నీడ పక్కన పెట్టి చూద్దాం. శంకువులో కొయ్య ఉంది, నీడ కదులుతుంది, కాలం తెలుస్తుంది. పానగల్లులో కొయ్య లేదు, నీడ కదలదు, కాలం తెలియదు. శంకువుతో పని మొదలుపెట్టే వృత్తిలో పెరిగినవారికి నీడ అంటే మొదటగా గడియారం. అటువంటివారు కట్టిన చోట నీడ నిశ్చలంగా నిలిచింది. ఆ నిశ్చలత వారికి సాధారణ విషయంగా కనబడి ఉండదు. బయట మండపం మెట్లమీద స్తంభాల అసలు నీడలు పొద్దుతోపాటు నడుస్తూ ఉంటాయి. లోపల ఒక్కటి నిలిచి ఉంటుంది. మండపంలో కూర్చున్నవాడు ఈ రెంటినీ ఒకేసారి చూడగలడు. ఆలయం చేసే పని, నా ఉద్దేశంలో, ఈ రెండు నీడలను ఎదురెదురుగా పెట్టడమే.

శివుడి పేర్లలో స్థాణువు ఒకటి. కదలనిది, నిలిచిపోయినది, మోడు అని దాని అర్థాలు. తెలుగులో ఆశ్చర్యంతో నిశ్చేష్టుడైనవాడిని “స్థాణువైపోయాడు” అంటాం. ఈ గర్భగుడిలో స్థాణువు రెండుసార్లు ఉంది. లింగం రూపంలో రాయిగా ఒకటి, గోడమీద నీడగా రెండోది. రాయి నిలకడగా ఉండటంలో వింత లేదు. నీడ నిలకడగా ఉండటమే వింత. శిల్పి శివతత్త్వాన్ని చెప్పడానికి కదలని పదార్థాన్ని కాక, కదలడమే స్వభావమైన పదార్థాన్ని ఎంచుకుని దాన్ని నిలిపాడు.

లింగోద్భవ కథ ఇక్కడ వెంటనే గుర్తుకు వస్తుంది. బ్రహ్మ విష్ణువులు ఆదిమధ్యాంతాలు కనుక్కోలేని స్తంభం అది. ఆ కథలో స్తంభం తేజోమయం. పానగల్లులో స్తంభం ఛాయామయం. దీపస్తంభం కావలసిన చోట నీడస్తంభం నిలిచింది. దానికి పీఠం లేదు, బోదె లేదు, ఏ రాతికీ చెందదు. మొదలు వెతుకుతూ మండపంలో తిరిగే సందర్శకుడు తనకు తెలియకుండానే ఆ పురాణపు వెతుకులాటను అభినయిస్తున్నాడు. ఈ అన్వయాన్ని ఒక హద్దు దాటి సాగదీయకూడదని నాకు తెలుసు. స్థపతి మనసులో లింగోద్భవం ఉన్నదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ కథ తెలిసిన సమాజంలో ఈ నీడను చూసినవారికి ఆ అర్థం అందుబాటులో ఉన్నదని మాత్రమే నా వాదన.

మరి ఇది యాదృచ్ఛికం కావచ్చు గదా అన్న ప్రశ్న న్యాయమైనదే. మూడు గర్భగుళ్ళ అమరికలో వెలుగు తనంతట తాను ఇలా కుదిరి ఉండవచ్చు. దానికి నా జవాబు పేరులో ఉంది. ఆ దేవుడి పేరు ఛాయాసోమేశ్వరుడు. నీడ యాదృచ్ఛికంగా పుట్టినా, దేవుడికి ఆ పేరు యాదృచ్ఛికంగా రాలేదు. ఒక సమాజం ఆ నీడను చూసి, అది ఈ దేవుడి గుర్తింపు అని నిర్ణయించుకుంది. కవి అనుకోకుండా వేసిన ప్రాసను తరతరాలు పద్యానికి ప్రాణంగా చదివితే, విమర్శకుడు ఆ ప్రాసను పద్యంలోనుంచి తీసివేయలేడు.

ఆ పేరు మరికొంత చెబుతుంది. సోముడు చంద్రుడు. సోమేశ్వరుడు చంద్రుని ఏలినవాడు. ఛాయ సూర్యుని భార్య పేరు. భర్త వేడిమిని తాళలేక సంజ్ఞాదేవి తన నీడకు ప్రాణం పోసి ఇంట నిలిపి వెళ్ళిందనీ, ఆ నీడే ఛాయాదేవి అనీ మార్కండేయపురాణం చెప్పే కథ. అసలు విషయం తెలిశాక సూర్యుడు మామగారైన విశ్వకర్మ దగ్గరకు వెళతాడు. దేవశిల్పి సూర్యుణ్ణి చక్రయంత్రం మీద ఎక్కించి, తేజస్సును చెక్కి తగ్గిస్తాడు. రాలిన తేజస్సుతో విష్ణుచక్రం, శివుని శూలం తయారయ్యాయంటారు. మన సంప్రదాయం శిల్పికి వెలుగునే ముడిసరుకుగా ఇచ్చిన ఘట్టమిది. శిల్పంలో వెలుగు పాత్రను చర్చించేటప్పుడు పాశ్చాత్య సిద్ధాంతాల దగ్గరకు పరుగెత్తేముందు ఈ కథ దగ్గర కొంచెంసేపు ఆగవచ్చు. సూర్యుడు, చంద్రుడు, నీడ ముగ్గురూ ఒక్క దేవుడి పేరులో ఇమిడారు.

వెలుగును లెక్కలోకి తీసుకున్న ఆలయాలు తెలుగునాట ఇంకా ఉన్నాయి. శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయంలో మార్చిలో మూడు రోజులపాటు కిరణాలు వరుసగా పాదాలకు, నాభికి, శిరస్సుకు చేరుతాయి. వీటిని పానగల్లుతో ఒకే గాటన కట్టడం పరిపాటి. నాకు అది పొరపాటుగా తోస్తుంది. అరసవల్లిలో వెలుగు ఒక సంఘటన. ఒక తేదీన వస్తుంది, కొద్ది నిమిషాలుండి వెళుతుంది. భక్తులు దానికోసం తెల్లవారుజామున కాచుకుంటారు. అది పంచాంగం, శంకువుకు దగ్గరి చుట్టం. పానగల్లులో కాచుకోవలసిన క్షణం లేదు. ఎప్పుడు వెళ్ళినా అదే. పర్యాటకులలో కొందరు అక్కడ చప్పబడిపోవడానికి కారణం బహుశా ఇదే.

4. చిల్లు

శిల్పమూ వెలుగూ కలిసి పనిచేసే మరొక తెలుగు కళ తోలుబొమ్మలాట. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్యచరిత్రలో దీని ప్రస్తావన ఉంది. అంటే పానగల్లు ఆలయం వెలసిన శతాబ్దానికి ఎంతో దూరం కాని రోజుల్లో, అదే తెలంగాణ శైవ వాతావరణంలో, నీడతో కథ చెప్పే కళ కూడా జనానికి తెలుసు. నేడు ఆ కళ ప్రధానంగా ఆంధ్ర ప్రాంతంలో, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వంటి ఊళ్ళలో నిలిచి ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

తోలుబొమ్మను చిత్రంగా వర్ణించడం అలవాటు. నేను దాన్ని శిల్పంగా చూస్తాను. మేకతోలును వెలుగు దూరేంత పలుచగా సిద్ధం చేసి, రంగులు అద్ది, ఉలులతో చిల్లులు కొడతారు. కిరీటం, కంఠహారం, వడ్డాణం రంగుతో కాక చిల్లులతో ఏర్పడతాయి. పగలు చేతిలోకి తీసుకుని చూస్తే అవి లోపాలు. తెర వెనుక దీపం ముందుకు రాగానే అవే రత్నాలు. రాతిశిల్పంలో తీసివేసిన భాగం పోయినట్టే. తోలుబొమ్మలో తీసివేసిన భాగమే మెరుస్తుంది.

బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే గీతలు పదునుగా ఉంటాయి. దీపం వైపు వెనక్కి జరిపితే రూపం పెరిగి, అంచులు కరిగి, తెర చాలనంత అవుతుంది. సముద్రం దాటే హనుమంతుడు ఆకాశమంత కావడానికి మరో బొమ్మ అక్కరలేదు, చేయి వెనక్కి జరిగితే చాలు. కాబట్టి తోలుబొమ్మలాటలో విశ్వం అంటే కొలతల మార్పు. దీపం ఒకచోట ఉంటుంది, బొమ్మ కదులుతుంది, లోకం పుడుతుంది. పానగల్లులో రాయి ఒకచోట ఉంటుంది, సూర్యుడు కదులుతాడు, లోకం కదలదు. రెండూ ఒకే ప్రశ్నకు రెండు చివరలు.

ఆధునిక కళలో ఇదే ప్రశ్నను తలకెత్తుకున్నవారిలో అమెరికన్ శిల్పి నాన్సీ హోల్ట్ (1938–2014) ముఖ్యురాలు. యూటా రాష్ట్రపు ఎడారిలో 1976లో ఆమె పూర్తిచేసిన సన్ టన్నెల్స్‌లో నాలుగు కాంక్రీటు గొట్టాలున్నాయి. ఒక్కొక్కటి 18 అడుగుల పొడవు, మనిషి లోపల నిలబడగలిగేంత వెడల్పు. ఉత్తరాయణ, దక్షిణాయన బిందువుల దగ్గర సూర్యోదయ సూర్యాస్తమయాలు ఆ గొట్టాల గుండా కనబడేటట్టు వాటిని అమర్చింది. అంతవరకు అది అరసవల్లి తోవ, పంచాంగం తోవ. కానీ ఆమె ఆ గొట్టాల పైభాగాన చిల్లులు కూడా వేసింది. ఒక్కో గొట్టానికి ఒక్కో తారామండలం: డ్రాకో, పెర్సియస్, కొలంబా, మకరం. నక్షత్రపు ప్రకాశాన్ని బట్టి చిల్లు పరిమాణం. పగటి ఎండ ఆ చిల్లులగుండా దూరి గొట్టం లోపల నేలమీద వెలుగు చుక్కలుగా పడుతుంది. పట్టపగలు కాళ్ళకింద నక్షత్రాలు.

నిమ్మలకుంట కళాకారుడికి ఈ పని చూపిస్తే వివరణ అక్కరలేదనుకుంటాను. చిల్లు వెలుగును చుక్కగా మార్చుతుందన్నది ఆయనకు రోజూ చేసే పని. తేడా ఒకటుంది. హోల్ట్ చుక్కలు సూర్యుడితోపాటు జరుగుతూ పోతాయి, సాయంత్రానికి సాగి కోడిగుడ్డు ఆకారాలవుతాయి. ఆమె కృతి భూమి తిరుగుతున్నదని మన పాదాల దగ్గర చెబుతుంది. ఆమె శంకువును పెద్దది చేసింది. పానగల్లు స్థపతి శంకువును రద్దు చేశాడు. కాలాన్ని గొప్పగా చూపిన కృతులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వెలుగుతోనే కాలాన్ని అణచి చూపిన కృతులు అరుదు. ఈ కారణంగా, హోల్ట్ పనిమీద నాకు ఎంత గౌరవమున్నా, ఆలోచనలో పానగల్లు సాహసమే పెద్దదని నా నిర్ణయం. హోల్ట్ చేతిలో గణితం, సర్వే పరికరాలు ఉన్నాయన్నది కూడా ఇందులో లెక్కించాలి. అయితే ఆమెకు ఒక సౌకర్యం మనకంటే ఎక్కువ. ఆమె కృతిని చర్చించే విమర్శ ఉంది.

5. మాట, బల్బు, నమోదు పత్రం

తెలుగులో వెలుగును గురించి మాట్లాడటానికి మాటలు లేవన్న ఫిర్యాదు తరచు వింటుంటాం. మాటలు ఉన్నాయి, వాటిని పనిలో పెట్టడం లేదు. నీడ అనే తెలుగు మాటలో ఆశ్రయం ఉంది: నీడనివ్వడం, నీడపట్టు, చెట్టునీడ. ఛాయ అనే సంస్కృత పదం తెలుగులోకి వచ్చి మరో దారి పట్టింది. చామనఛాయ అంటే మేనిరంగు, ఛాయాచిత్రం అంటే వెలుగు గీసిన బొమ్మ, “ఆ ఛాయలకు పోవద్దు” అంటే దరిదాపులు. కాంతి, నీడ, రంగు, జాడ, సామీప్యం ఒక్క మాటలో చేరాయి. వెలుగుకూ నీడకూ మధ్యనున్న క్రీనీడను భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలో వదిలేశాం. పానగల్లు గోడమీది పట్టీ అంచుల్లో ఉన్నది అదే. తెలుగులో కళావిమర్శకు సంజీవదేవ్ వేసిన బాటలో నడిచినవారు కొద్దిమంది. శిల్పం దగ్గరకు వచ్చేసరికి ఆ కొద్దిమందిమి కూడా ప్రతిమాలక్షణ పట్టికలతో సరిపెట్టుకుంటున్నాం.

మాట లేకపోతే రక్షణ కూడా ఉండదు. దీన్ని అతిశయోక్తిగా భావించనవసరం లేదు. రక్షిత కట్టడం అన్నప్పుడు రాతిని రక్షిస్తాం. పానగల్లు నీడ రాయి కాదు. దాన్ని పోగొట్టడానికి గడ్డపార అక్కరలేదు. గర్భగుడిలో ఒక్క బల్బు వెలిగితే చాలు, గోడ అంతటా ఒకే వెలుగు పరుచుకుని నీడ మాయమవుతుంది. భక్తుల సౌకర్యం కోసం మండపం తెరపికి ఒక రేకు కట్టినా, అడ్డంగా ఒక గోడ లేపినా అంతే. ఏ స్తంభమూ విరగదు, ఏ విగ్రహమూ పోదు, జాబితాలో అన్నీ ఉంటాయి. పోయింది ఏమిటో నమోదు చేసే గడి ఆ జాబితాలో లేదు.

ఇప్పుడు కోటలమీద, గుళ్ళమీద రాత్రిళ్ళు రంగుల వెలుగులు ప్రసరింపజేసి కథలు చెప్పే ప్రదర్శనలు పెరుగుతున్నాయి. గోల్కొండ కోటలోని సౌండ్ అండ్ లైట్ షో మూడు దశాబ్దాలుగా నడుస్తోంది. అటువంటివాటిని నేను తోసిపుచ్చను. గోల్కొండ ప్రదర్శన చూసి చరిత్ర మీద ఆసక్తి కలిగిన విద్యార్థులు నా తరగతిలోనే ఉన్నారు. కోటగోడకు వెలుగు తెరగా పనికివస్తుంది, దానితో గోడకు నష్టం లేదు. కానీ సొంతంగా వెలుగును పండించే కట్టడం మీద బయటినుంచి వెలుగు పోయడం, పాడుతున్న మనిషి ముందు లౌడ్‌స్పీకరు పెట్టి మరో పాట వేయడమే. ఏ కట్టడం ఏ రకానిదో చెప్పవలసినవాడు విమర్శకుడు. ఆ పని మనం చేయకుండా, నిర్వాహకులను నిందించడం న్యాయం కాదు.

తిరిగి ఇందూరుకు వస్తాను. బోధన్‌లో రాష్ట్రకూటుల కాలపు జైనాలయంగా మొదలై తుగ్లక్ కాలంలో మసీదుగా మారిన దేవల్ మసీదు తలవిన్యాసం నక్షత్రాకారం. దాని గురించి జరిగే చర్చ అంతా అది ఎవరిదన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నక్షత్రాకారపు గోడ అనేక కోణాలుగా విరుగుతుంది. ఏ కోణానికి ఆ కోణం వేరొక వేళ ఎండను అందుకుంటుంది. చదునైన గోడ మీద రోజుకు రెండు మూడు మార్పులు జరిగితే, ఇటువంటి గోడ మీద గంటగంటకూ ఒక నిలువు పట్టీ వెలిగి మరొకటి ఆరుతుంది. ఆ కట్టడాన్ని ఒక పూర్తి పగలు కూర్చుని చూసి రాసిన తెలుగు వ్యాసం నా కంటబడలేదు. డిచ్‌పల్లి రామాలయం సంగతీ అంతే. విశ్వవిద్యాలయం ఆ గుట్టకు కూతవేటు దూరంలోనే ఉంది.

రెండో పర్యటన తరువాత విద్యార్థుల కోసం నమోదు పత్రంలో ఒక గడి అదనంగా చేర్చాం. శిల్పం పేరు, గోడ దిక్కు, ఎత్తు, స్థితి అన్న నాలుగు గడులకు తోడు, ‘వేళ, వెలుగు వచ్చే వైపు’ అని ఐదోది. మొదట్లో అందరూ దాన్ని ఖాళీగా వదిలేశారు. కొందరు ‘పగలు’ అని రాశారు. “ఆ బొమ్మ లేదు” అన్న విద్యార్థిని మాత్రం ఒకే బొమ్మను మూడు పత్రాలమీద నమోదు చేసి తెచ్చింది. ఉదయం 7.15, తూర్పు గోడ, ఎడమనుంచి వెలుగు: స్త్రీమూర్తి, కుడిచేయి పైకెత్తి ఉంది. ఉదయం 9.40: చేయి కనిపిస్తోంది, ముఖం లేదు. మధ్యాహ్నం 12.20: రాయి.